క్రాస్ చూస్తే వస్తుందా, నేర్పితే వస్తుందా?

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరిన ఒక మహిళా న్యాయవాది రాసిన ఉత్తరం ఇది. పొడుగ్గా ఉంది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడకి 29 ఏళ్ళు. ఒక జిల్లా కేంద్రంలో సివిల్ వైపు పేరున్న సీనియర్ ఆఫీసులో నాలుగో ఏడు పనిచేస్తున్నారు. ప్లెయింట్లు (దావా పత్రాలు), రిటన్ స్టేట్‌మెంట్లు (వాటికి ప్రతివాది జవాబులు), ఐఏలు (దావా మధ్యలో వేసే దరఖాస్తులు), కౌంటర్లు చాలావరకు ఆవిడే రాస్తారు. పొద్దున కాలింగ్ వర్క్ చూసేది, వాయిదాలు డైరీలో ఎక్కించేది కూడా ఆవిడే. నెలకి ఆరు వేలు ఇస్తారు. ఇంతకాలంలో సాక్షిని ప్రశ్నించే అవకాశం వచ్చింది ఒక్కసారి.

అది ప్రోనోటు దావా. వీళ్ళ ఆఫీసు ప్రతివాది తరఫు. సంతకం తనదేనని ప్రతివాది ఒప్పుకున్నాడు. కానీ ఎప్పుడో చిన్న బాకీకి హామీగా ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకున్నారనీ, ఆ బాకీ తీర్చేశాక అదే నోటుని నాలుగు లక్షలకి నింపి దావా వేశారనీ అతని వాదన. వాదిని సీనియర్ స్వయంగా క్రాస్ చేశారు, అంటే అవతలి పక్షం సాక్షిగా ప్రశ్నించారు. రెండో సాక్షి, అంటే నోటు మీద సాక్షి సంతకం చేసిన మనిషి వచ్చే రోజున సీనియర్ హైకోర్టులో ఉన్నారు. పది గంటలకి ఫోన్ చేసి, "వాయిదా అడిగితే కాస్ట్స్ (అవతలివాళ్ళ ఖర్చులు) వేస్తారు, నువ్వే చేసెయ్" అన్నారట.

ఆవిడ చేశారు. సాక్షి రైస్ మిల్లులో పనిచేస్తాడని, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా షిఫ్టని, వాదికి వరసకి బావమరిదని, ప్రోనోటు సాయంత్రం ఆరింటికి వాది ఇంట్లో రాశారని వరసగా ఒప్పించారు. ఆ ఊపులో, "మరి డ్యూటీలో ఉండాల్సిన టైములో వాది ఇంటికి ఎలా వెళ్ళారు?" అని అడిగారు. "ఆ రోజు కార్తీక పౌర్ణమండీ. మిల్లు సెలవు" అన్నాడతను. హాల్లో నవ్వులు. ఆవిడకి చెమటలు పట్టాయి. ఇంకేమీ అడగకుండా కూర్చున్నారు. ఖాళీ నోటు నింపారన్న సజెషన్ కూడా ఇవ్వలేదు, అంటే తమ వాదనని సాక్షి ముందు పెట్టి అవునా కాదా అని అడగలేదు.

మర్నాడు సీనియర్ క్లయింటు ఎదురుగానే, "నీకు డ్రాఫ్టింగే సరి" అన్నారు. అప్పటి నుంచి క్రాస్ ఇవ్వలేదు. ఆవిడ తర్వాత రెండేళ్ళకి చేరిన ఒక కుర్రవాడికి మాత్రం ఇస్తున్నారు. ఇప్పుడు కొందరు అనుభవజ్ఞులైన న్యాయవాదులు, ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి కలిసి రెండో శనివారం, ఆదివారాల్లో సాక్షుల విచారణ మీద శిక్షణ ఇస్తున్నారని తెలిసి వెళ్తానంటే, "కోర్టులో రానిది హోటల్ హాల్లో వస్తుందా?" అన్నారట సీనియర్. ఇంట్లోనేమో, ఈ గొడవంతా ఎందుకు, జడ్జి పరీక్ష రాసుకోమంటున్నారు.

"శిక్షణకి వెళ్ళాలా, ఆఫీసు మారాలా, లేక ఈ పని నాకు చేతకాదని ఒప్పుకుని పరీక్షకి కూర్చోవాలా?" అని అడుగుతున్నారు.

*

అమ్మా,

ముందుగా ఒక సంగతి చెప్పేస్తాను. ఇలాంటి శిక్షణల్లో పాఠం చెప్పేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాబట్టి శిక్షణ మంచిదని నేనంటే అందులో కాస్త పక్షపాతం ఉందనుకుని చదవండి.

మీరు మూడు ప్రశ్నలు అడిగారు కానీ ఆ మూడూ ఒక్క రోజు చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ పూట కోర్టు హాల్లో జరిగినదాన్ని మీరు "నాకు చేతకాదు" అని అర్థం చేసుకున్నారు. మీ సీనియర్‌ కూడా అలాగే అనుకున్నారు. ఆ అర్థం సరైనదో కాదో చూడకుండా శిక్షణ, ఆఫీసు, పరీక్ష అంటూ ఏది ఎంచుకున్నా పునాది తప్పుగా పడుతుంది. అందుకని ముందు ఆ క్రాస్‌నే చూద్దాం.

మీ మొదటి నాలుగు ప్రశ్నలు బాగున్నాయి. నిజంగా బాగున్నాయి. ఒక్కో ప్రశ్నలో ఒక్కో సంగతే ఉంది. "అవునండీ" తప్ప వేరే జవాబుకి చోటు లేదు. గంట ముందు ఫోన్ వచ్చిన మనిషి షిఫ్టు టైముని, నోటు రాసిన టైముని పక్కపక్కన పెట్టి చూడగలిగారంటే ఫైలు మీకు బాగా తెలుసన్నమాట. కొన్నేళ్ళు ప్రాక్టీసు చేసినవాళ్ళు కూడా "మీరు అబద్ధం చెప్తున్నారు కదా" అని మొదలుపెట్టి, "కాదండీ" అనిపించుకుని కూర్చునే హాళ్ళు నేను చాలా చూశాను.

ఐదో ప్రశ్న దగ్గర మీకు ఎవరైనా చెప్పే పాఠం తెలిసిందే: క్రాస్‌లో "ఎలా", "ఎందుకు" అని అడగొద్దు, అడిగితే సాక్షికి మైకు ఇచ్చినట్టే. నిజమే. కానీ మీ కేసులో ఆ పాఠం సగమే పనికొస్తుంది. మీరు నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయారనుకోండి. అవతలి వకీలు నిద్రపోడు కదా. రీ-ఎగ్జామినేషన్‌లో (తన సాక్షిని మళ్ళీ అడిగే వంతులో) లేచి, "ఆ రోజు మీ మిల్లు సంగతేమిటి?" అని అడిగితే ఆ కార్తీక పౌర్ణమి అప్పుడైనా బయటికి వచ్చేది. అంటే లోపం ఐదో ప్రశ్నలో లేదు. ప్రోనోటు తేదీ పండగ రోజని ముందు రోజు రాత్రి క్యాలెండర్‌లో చూసి ఉంటే మీరు ఆ దారిలోకే వెళ్ళేవారు కాదు. వెళ్ళినా, మిల్లు నిజంగా మూశారో లేదో కనుక్కుని వెళ్ళేవారు. గంట టైములో అది చూసుకునే వీలు మీకెవరిచ్చారు? ఈ సంగతి మీ సీనియర్ కూడా ఆలోచించాల్సింది.

ఇంకో మాట. "మిల్లు సెలవు" అన్న జవాబు మీకు దెబ్బ అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. అప్పటిదాకా ఆ రోజు మిల్లు సంగతి మీద ఆ సాక్షి ఏ మాటకీ కట్టుబడి లేడు. ఇప్పుడు ప్రమాణం చేసి ఒక మాటకి కట్టుబడ్డాడు. కార్తీక పౌర్ణమికి ప్రతి రైస్ మిల్లూ మూసేయదు. అందులోనూ అది ఖరీఫ్ ధాన్యం వచ్చే రోజులు. ఆ మిల్లు హాజరు పుస్తకంలో ఆ తేదీన ఇతని పేరుకి ఎదురుగా హాజరు పడి ఉంటే మీ కేసు ఎక్కడికో వెళ్తుంది. సెలవని ఉంటే, పోయింది ఏమీ లేదు, ఎలాగూ అది నిజమే. ఏదైనా ఆ రిజిస్టర్ చూడాలి. మీ వైపు సాక్ష్యం మొదలయ్యేలోపు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 16 కింద దాన్ని తెప్పించమని అడగొచ్చు. ఇది మీరు సీనియర్‌కి చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా లేదు.

అసలు లోపం అంటే, సజెషన్లు ఇవ్వకుండా కూర్చోవడం. మన వాదన ఏమిటో సాక్షి ముఖాన పెట్టకపోతే, అతను చెప్పినదాన్ని మనం ఒప్పుకున్నట్టేనని తర్వాత వాదనల్లో అవతలివాళ్ళు అంటారు. పైగా సంతకం ఒప్పుకున్న ప్రోనోటు కేసు. నెగోషబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ సెక్షన్ 118 ప్రిజంప్షన్‌ని (నోటుకి ప్రతిఫలం ముట్టిందని కోర్టు ముందే అనుకోవడాన్ని) తోసే భారం మన మీదే ఉంటుంది. అయితే ఇది కొంప మునిగే వ్యవహారం కాదు. మీ రిటన్ స్టేట్‌మెంట్‌లో ఆ వాదన ఉంది. వాదిని క్రాస్ చేసినప్పుడు మీ సీనియర్ ఆ సజెషన్లన్నీ ఇచ్చే ఉంటారు. సాక్షిని మళ్ళీ పిలిపించమని పిటిషన్ వేయొచ్చు కానీ, ఆర్డర్ 18 రూల్ 17 ఉన్నది వదిలేసిన ఖాళీలు పూడ్చుకోవడానికి కాదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. వేయాలా వద్దా అన్నది మీ సీనియర్ తేల్చాల్సిన విషయం. ఇలాంటి రోజుల కోసం ఒక అలవాటు చెప్తాను. క్రాస్‌కి లేచేముందు ఇవ్వాల్సిన సజెషన్లు ఒక చీటీ మీద వేరేగా రాసి ఫైలు పైన పెట్టుకోండి. బుర్ర ఖాళీ అయిపోయినా ఆ చీటీ చూసి చదివేస్తే కనీస ధర్మం నెరవేరుతుంది.

ఇక మీ సీనియర్ మాట. "కోర్టులో రానిది హోటల్ హాల్లో వస్తుందా?" ఆయన కాలంలో ఆ మాటకి అర్థం ఉంది. అప్పట్లో సివిల్ దావాలో చీఫ్ (మన సాక్షిని మనమే ప్రశ్నించడం) కూడా నోటితోనే జరిగేది. జూనియర్‌ని ముందు మన సాక్షినే చీఫ్ చేయమనేవాళ్ళు. "ఆ తర్వాత ఏమైంది? అప్పుడు అక్కడ ఎవరెవరున్నారు?" అంటూ జవాబు మనం అందించకుండా కథ రాబట్టడం, దస్తావేజు మార్క్ చేయించడం, జడ్జిగారు రికార్డు చేయించేదాకా ఆగడం, ఇవన్నీ మన సాక్షి మీదే అలవాటయ్యేవి. క్రాస్ ఆ తర్వాత. 2002 సవరణతో చీఫ్ అఫిడవిట్ అయిపోయింది. ఆ అఫిడవిట్ రాసేది మీరే, కంప్యూటర్ ముందు కూర్చుని. అంటే కింది మెట్టు తీసేసి జూనియర్లని ఏకంగా పై మెట్టు ఎక్కమంటున్నాం. ఎక్కలేకపోతే చేతకాదంటున్నాం.

ఎన్‌రోల్‌మెంట్‌కి ముందు ఒక ఏడాది సీనియర్ దగ్గర శిక్షణ తప్పనిసరి చేస్తూ 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్ తెచ్చింది. ఆ అధికారం కౌన్సిల్‌కి లేదని 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు సరైంది కాదని 2023లో రాజ్యాంగ ధర్మాసనం అన్నది కానీ, మీ తరానికి ఆ ఏడాది దొరకలేదు. మీరు రాసిన బార్ ఎగ్జామ్ చట్టాల మూలప్రతులు దగ్గర పెట్టుకుని రాసేది. అందులో సాక్షి ఉండడు. ఇంగ్లండులో బారిస్టర్ అవ్వాలంటే ఏడాది ప్యూపిలేజ్ (సీనియర్ దగ్గర శిక్షణ) చేయాలి. అందులో మొదటి ఆరు నెలలు సొంతంగా కోర్టులో నిలబడనివ్వరు. అయినా వాళ్ళు "చూస్తే చాలు" అనుకోలేదు. సీనియర్ బారిస్టర్లు, జడ్జీలు కూర్చుని కొత్తవాళ్ళకి అడ్వొకసీ (కోర్టులో వాదించే, ప్రశ్నించే విద్య) విడిగా నేర్పుతారు. అమెరికాలో ఈ పని కోసమే 1971లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ట్రయల్ అడ్వొకసీ పెట్టారు. ఇలా అని మీ సీనియర్‌తో వాదించమని కాదు. హోటల్ హాల్లో నేర్పడం అనేది ఈ వృత్తిలో వింతేమీ కాదని మీకు తెలియడానికి చెప్తున్నాను.

అక్కడ ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. బాగా నడిపే శిక్షణల్లో ఎక్కువగా వాడే పద్ధతి ఆస్ట్రేలియాలో జార్జ్ హాంపెల్ అనే బారిస్టర్, తర్వాత జడ్జి అయినాయన రూపొందించింది. ఇంగ్లండులో బారిస్టర్ల సంఘాలైన ఇన్స్ ఆఫ్ కోర్ట్ కూడా దాన్నే తీసుకున్నాయి. ఒక కేసు ఫైలు ముందే ఇస్తారు. మీరు లేచి ఐదారు నిమిషాలు సాక్షిని ప్రశ్నిస్తారు. నేర్పేవాళ్ళు మధ్యలో అడ్డుపడరు. అయ్యాక ఒక్కటంటే ఒక్క విషయమే పట్టుకుంటారు. మీరన్న మాటనే రాసుకుని, ఉన్నదున్నట్టు మీకు చదివి వినిపిస్తారు. అది ఎందుకు పనిచేయలేదో చెప్తారు. ఏం చేయాలో చెప్తారు. ఆ ముక్క వాళ్ళే చేసి చూపిస్తారు. తర్వాత మీరు మళ్ళీ చేయాలి.

మీరే ఆ గదిలో ఉన్నారనుకోండి. నేనైతే మీ కార్తీక పౌర్ణమి జోలికే పోను. మీరు ఉత్తరంలో మీ ప్రశ్నలు మాటకి మాట రాశారు కదా, అందులో ఒకటి కనిపించింది. ప్రతి జవాబు తర్వాత "ఓకే, సరే" అన్నారు. మీకు అది ఊపిరి పీల్చుకునే చోటు. సాక్షికి మాత్రం "బాగా చెప్పావు" అన్నట్టు వినిపిస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మీరు "సరే" అని వెంటనే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతున్నారు. మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్తాడు. జడ్జిగారు విని, చాలాచోట్ల ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు. టైపిస్టు కొడతాడు. అప్పీలులో మిగిలేది ఆ టైపు కాగితమే. కాబట్టి ప్రశ్న అడగండి. జవాబు రానివ్వండి. నోరు మూసుకుని డిక్టేషన్ వినండి. సాక్షి "ఆరైందనుకుంటానండీ" అంటే రికార్డులో "ఆరు గంటలకు" అని పడుతుంటే, "సర్, సాక్షి 'అనుకుంటాను' అన్నాడు, అది కూడా రికార్డు చేయించండి" అని మెల్లగా అడగండి. తర్వాతే రెండో ప్రశ్న. ఆ మౌనమే మీకు ఆలోచించుకునే టైము కూడా. అంతే, ఇంకేమీ చెప్పను. మళ్ళీ చేయమంటాను.

నవ్వొస్తోందా, ఇంత చిన్న విషయమా అని? నాలుగేళ్ళు సీనియర్ వెనక కూర్చుని చూస్తే ఈ చిన్న విషయం పట్టుబడదు. చూసేటప్పుడు మన కళ్ళు ప్రశ్న మీద, జవాబు మీద ఉంటాయి కానీ, మధ్యలో ఆయన ఎంతసేపు ఆగారన్నది ఎవరూ చూడరు. అడిగితే ఆయనకీ తెలియదు, ఎప్పుడో అలవాటైపోయింది. బాగా చేసేవాళ్ళందరూ నేర్పలేకపోవడానికి కారణం ఇదే. మీ సీనియర్ మంచి వకీలు కావచ్చు, నేర్పే తీరిక, ఓపిక లేని మనిషి కావచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి.

అయితే అన్ని శిక్షణలూ ఇలా ఉండవు. ఒక ప్రముఖుడు వచ్చి గంటన్నర సెక్షన్లు చదివి, భోజనాలు పెట్టి, సర్టిఫికెట్లు పంచి, గ్రూప్ ఫొటో తీసే శిక్షణలు బోలెడున్నాయి. డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడగండి. ఒక్కొక్కరు ఎన్నిసార్లు లేచి నిలబడతారు? ఒక గుంపులో ఎంతమంది? ఎనిమిది, పది మంది దాటితే మీ వంతు రాదు. ఫైలు ముందుగా ఇస్తారా? సాక్షి తెలుగులో మాట్లాడతాడా? ఇంగ్లీషులోనే అంతా జరిగితే పనికిరాదని కాదు కానీ, ఇంటికొచ్చి అదంతా తెలుగులో మళ్ళీ చేసుకోవాలి. "మీరు అక్కడ లేరు కదా" అనడంలో ఉన్న పట్టు ఇంగ్లీషు ప్రశ్నని మనసులో తర్జుమా చేసుకుని అడిగితే రాదు. జ్యూరీ ముందు అటూ ఇటూ నడుస్తూ మాట్లాడే విద్యలు నేర్పితే చూసి ఆనందించండి, మన ట్రయల్ కోర్టులో వాటితో పని లేదు. పాఠం పాత ఎవిడెన్స్ యాక్ట్ నంబర్లతోనే నడుస్తోందా, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంతో నడుస్తోందా అన్నది కూడా కనుక్కోండి. సాక్షి ముందు రాసిన మాటని చూపించి క్రాస్ చేసే పాత సెక్షన్ 145 ఇప్పుడు 148, మన సాక్షినే క్రాస్ చేయనిచ్చే పాత 154 ఇప్పుడు 157. మారనివాళ్ళు వేరే విషయాల్లోనూ మారి ఉండరు.

ఇప్పుడు మీ ఎదురుగా ఉన్న దారులు.

చెప్పకుండా వెళ్ళిపోవడం ఒకటి. సెలవు రోజులే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనిపిస్తుంది. జిల్లా బార్‌లో సోమవారం టీ టైముకల్లా తెలిసిపోతుంది. శిక్షణకి వెళ్ళినందుకు కాదు, దాచినందుకు ఆయనకి కోపం వస్తుంది, ఆ కోపంలో న్యాయం కూడా ఉంటుంది. ఈ దారి నాకు నచ్చదు.

రెండోది, చెప్పి వెళ్ళడం. ఎలా చెప్తారన్నదాని మీద ఉంటుంది. "నాకు క్రాస్ ఇవ్వడం లేదు కాబట్టి వెళ్తున్నాను" అంటే అది ఫిర్యాదు. ముందు ఆ ప్రోనోటు ఫైలు పట్టుకుని వెళ్ళండి. మిల్లు రిజిస్టర్ సంగతి చెప్పండి. "సజెషన్లు ఇవ్వకపోవడం నా పొరపాటే సార్, దానికి ఇలా అనుకుంటున్నాను" అనండి. ఆయన మనసులో ఉన్నది ఆ ఒక్క పూట తాలూకు పరువు, నాలుగు లక్షల క్లయింటు. కేసు గురించి మీరు ఆయనకన్నా ఒక అడుగు ముందు ఆలోచించారని తెలిస్తే మిగతా మాట వినే స్థితిలో ఉంటారు. అప్పుడు, "రెండో శనివారం, ఆదివారం వెళ్ళొస్తాను సార్, కోర్టు పని ఆగదు" అని చెప్పండి. అనుమతి అడిగినట్టు కాదు, తెలియజేసినట్టు. ఆయన మూతి ముడుచుకోవచ్చు. కాదనడానికి మాత్రం పెద్ద కారణం ఉండదు. క్లయింటు ముందు తిట్టిన మాట మిమ్మల్ని బాధపెట్టిందని కూడా చెప్పాలనిపిస్తే చెప్పండి, కానీ అదే రోజు వద్దు. రెండు సంగతులూ ఒకేసారి పెడితే ఆయనకి రెండోదే గుర్తుంటుంది.

కానీ శిక్షణకి వెళ్ళొచ్చి మళ్ళీ డ్రాఫ్టింగ్ టేబుల్ దగ్గరే కూర్చుంటే రెండు మూడు నెలల్లో అంతా ఆవిరైపోతుంది. వెళ్ళి వచ్చిన వెంటనే నిలబడే చోటు కావాలి. దాన్ని ఇప్పుడే వెతుక్కోండి. ఆయనతో మాట్లాడేటప్పుడే ఒక చిన్న సాక్షిని అడగండి. వాదినో ప్రతివాదినో కాదు. ఫార్మల్ విట్నెస్, దస్తావేజు రాసిన లేఖరి, ఏదో ఒక రికార్డు తెచ్చే గుమాస్తా. "మీరు పక్కనే ఉండండి సార్, ప్రశ్నలు ముందు రోజు రాసి చూపిస్తాను" అనండి. ఒప్పుకుంటే మీ సమస్యలో సగం తీరినట్టే, ఆఫీసు మారే ఆలోచన పక్కన పెట్టొచ్చు.

ఒప్పుకోకపోతే ఆయన ఆఫీసులో ఉంటూనే బయట చోటు చూసుకోవచ్చు. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లోకి మామూలుగా మూడేళ్ళ ప్రాక్టీసు నిండినవాళ్ళని తీసుకుంటారు. మీకు నిండాయి. క్రిమినల్ డిఫెన్స్ చాలా జిల్లాల్లో 2022 తర్వాత వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసులకి వెళ్ళింది కానీ మనోవర్తి, గృహహింస కేసులు ప్యానెల్‌కి వస్తూనే ఉంటాయి. బీదవాళ్ళ కేసుల మీద చెయ్యి తిప్పుకోమని నేననడం లేదు, అలా అనుకుని వెళ్ళేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. చిన్న కేసుకి పెద్ద కేసుకన్నా ఎక్కువ తయారై వెళ్ళే ఓపిక మీకుంటేనే వెళ్ళండి. తప్పులు చేయడానికి శిక్షణ గది ఉంది, అక్కడ నష్టపోయే క్లయింటు ఉండడు. ఇంకో దారి, సాక్ష్యం రికార్డు చేసే అడ్వొకేట్ కమిషనర్‌గా మీ పేరు పరిశీలించమని కోర్టులో అడగడం. అక్కడ మీరు ప్రశ్నలు వేయరు. కానీ ఇద్దరు సీనియర్లు మూరెడు దూరంలో కూర్చుని క్రాస్ చేస్తుంటే జవాబులు మీ చేత్తో మీరే రాస్తారు. ఏ ప్రశ్నకి ఎలాంటి జవాబు కాగితం మీద మిగులుతుందో అంతకన్నా బాగా తెలిసే చోటు లేదు. ఫీజు కూడా వస్తుంది.

ఆఫీసు మారడం గురించి. ఆ కుర్రవాడికి క్రాస్‌లు ఇచ్చి మీకు ఇవ్వకపోవడం, క్లయింట్లు "సారు రాలేదా అమ్మా?" అని మీ భుజం మీదుగా వెనక్కి చూడటం, వీటిని మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. అది చిన్న విషయం కాదు. ఆ కుర్రవాడు కూడా ఎప్పుడో ఒకసారి తడబడే ఉంటాడు. అతనికి ఆ తడబాటు అనుభవమైంది, మీకు మచ్చ అయ్యింది. పైన చెప్పినట్టు చిన్న సాక్షిని అడిగి, ఆరు నెలలు చూసి, అప్పటికీ ఇదే వరస అయితే మారడమే మంచిది. మారేటప్పుడు మరో పెద్ద పేరు కోసం కాకుండా, జూనియర్లు నిలబడి మాట్లాడే ఆఫీసు కోసం చూడండి. ఏ కోర్టు హాల్లోనైనా వారం రోజులు వెనక కూర్చుంటే అది ఎవరిదో తెలుస్తుంది. జీతం సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోండి. జూనియర్లకి నెలకి పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు తక్కువ కాకుండా ఇవ్వమని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది. అది సిఫార్సే, ఎవరి మెడ మీదా కత్తి లేదు. అయినా ఆరు వేలు తీసుకునే మనిషి ఆ అంకె తెలుసుకుని మాట్లాడాలి. సొంతంగా పెట్టుకుంటానంటే మాత్రం, మీతో వస్తామన్న క్లయింట్ల కేసుల్లో పాత వకాల్తా ఉన్న సీనియర్ నో-అబ్జెక్షన్ గానీ, అది దొరక్కపోతే కోర్టు అనుమతి గానీ లేకుండా మీరు వకాల్తా వేయకూడదు. వెళ్ళేటప్పుడు గొడవ పడి వెళ్తే మొదటి ఇబ్బంది అక్కడే వస్తుంది.

పరీక్ష గురించి తక్కువే చెప్తాను. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మే నెలలో సుప్రీంకోర్టు మళ్ళీ తప్పనిసరి చేసింది. మీకా అర్హత ఉంది, నోటిఫికేషన్ వచ్చినప్పుడు వయసు నిబంధన చూసుకోండి. జడ్జి పని ఇష్టమైతే రాయండి, మంచి ఉద్యోగం. క్రాస్ అంటే భయమేసి రాస్తానంటే మాత్రం ఒకసారి ఆలోచించండి. ఆ కుర్చీలో కూర్చుంటే రోజంతా వినేది క్రాసే. ఏ ప్రశ్న అనుమతించాలి, సాక్షిని ఎక్కడ కాపాడాలి, తానే ఎప్పుడు ప్రశ్న వేయాలి అన్నది ఆ క్షణమే తేల్చాలి. ఈ శిక్షణ ఆ పనికీ వృథా పోదు. ఇంట్లోవాళ్ళకి ఈ మాట చెప్తే కొంత శాంతిస్తారు.

శిక్షణకి ఇంకా టైముంది కాబట్టి ఈలోపు ఒక పని చేయండి. ఆ రెండో సాక్షి డిపోజిషన్ (కోర్టు రికార్డు చేసిన సాక్ష్యం) సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. మీకు గుర్తున్నదానికి, కాగితం మీద ఉన్నదానికి తేడా ఉంటుంది. మీ జ్ఞాపకంలో నవ్వులున్నాయి, ఆ కాగితంలో ఉండవు. షిఫ్టు టైము, వరసకి బావమరిది, ఆరు గంటలు, మిల్లు సెలవు, అన్నీ ఒకదాని కింద ఒకటి చదువుకుని, మళ్ళీ అవకాశమిస్తే ఏ వరసలో అడుగుతారో తెలుగులో రాయండి. ఇంట్లో ఎవరినైనా సాక్షిగా కూర్చోబెట్టి గట్టిగా అడగండి, పేర్లు, ఊళ్ళు మాత్రం మార్చి. క్లయింటు సంగతులు హాల్లో మంచం మీద కూడా బయటపెట్టకూడదు.

రిజిస్టర్ కోసం సమన్ల దరఖాస్తు వేస్తే, తేదీ ఒక్కటే కాకుండా ఆ నెల మొత్తం హాజరు, జీతం పట్టీ కూడా అడగండి. ఒక్క రోజు పేజీ మాత్రమే అడిగితే మిల్లువాళ్ళకి అదెందుకో ఇట్టే తెలిసిపోతుంది, సాక్షి అక్కడే పనిచేస్తున్నాడు కదా. బత్తా (పిలిపించిన మనిషి రానుపోను ఖర్చులు) కట్టడం మర్చిపోకండి.